చాలు తీగ

బీరు తయారుచేసే కంపెనీకి ఈ లోకంలో ఒక్కటే భయం. తాగేవాడు గ్లాసు కింద పెట్టి ‘చాలు’ అనకూడదు. పన్నులు, పోటీలు, ఎండాకాలపు నీటి కరువు, ఇవన్నీ ఎలాగో ఈదేస్తారు. ఆ ఒక్క మాటకి మాత్రం వాళ్ళ దగ్గర విరుగుడు లేదు.

విశాఖపట్నంలో ఆ కంపెనీవారి రుచిచూసే గదిలో ఆ రోజు జరిగింది సరిగ్గా అదే. నాలుక పదునుకే జీతం తీసుకునే పెద్దమనుషులు వరసగా కూర్చున్నారు. కొత్త బీరు పోశారు. రంగు బాగుందన్నారు. నురుగు నిలబడిందన్నారు. చేదు నాలుక మీద పడి, మెల్లగా గొంతులోకి దిగి, చివరికి నారింజ తొక్క వాసనగా మిగిలిందని ఒకాయన కళ్ళు మూసుకుని మరీ చెప్పాడు. డైరెక్టర్ దంతులూరి వర్మ గారి ముఖం వెలిగిపోయింది. రెండో గ్లాసు పోయబోతే మాత్రం అందరూ చేతులు అడ్డం పెట్టారు.

“బాగుంది. చాలు.”

“అదేమిటండీ, బాగుందంటూనే వద్దంటారు?” అన్నారు వర్మ గారు.

“బాగుంది కనకే చాలండీ” అన్నాడు కళ్ళు మూసుకున్నాయన. పందెం కడితే మధ్యాహ్నంలోగా పెట్టె ఖాళీ చేయగలడని ఆయనకి పేరు.

ఆ గదిలో ఒక మూల డాక్టర్ కిముడు పుణ్యవతి నిలబడి ఉంది. ఆ బీరులోని చేదు ఆమె పుట్టించిన తీగది. ఇన్నేళ్ళ కష్టం ఒక్క మాటతో కొట్టుకుపోతుంటే ఎవరైనా ఏడవాలి. ఆమెకి ఏడుపు రాలేదు. ‘రెండో గ్లాసు వద్దనిపించే మందా? మా తమ్ముడు సింహాచలానికి పోసి చూడాలి’ అనుకుంది.

*

బీరుకి చేదూ సువాసనా ఇచ్చేది హాప్స్ అనే తీగ పువ్వు. ఆకుపచ్చని పొలుసుల గుత్తిలా ఉంటుంది. విప్పి చూస్తే లోపల పసుప్పచ్చని జిగురు పొడి. వ్యాపారమంతా ఆ పొడిలోనే ఉంది. తీగేమో చలిదేశాలది. వేసవిలో రాత్రి భోజనాలయ్యాక కూడా వెలుతురుండే చోట్ల పుట్టింది. దాన్ని తెచ్చి మన దగ్గర నాటితే, ఇక్కడి పొట్టి పగళ్ళు చూసి శీతాకాలం ముంచుకొచ్చిందని కంగారుపడుతుంది. మోకాలెత్తయినా పెరగకుండానే నాలుగు పువ్వులు పూసి, నా పని అయిపోయిందంటుంది.

చింతపల్లి పైన, మంచు కురిసే నిమ్మలగరువులో కంపెనీ పరిశోధన తోట వేసింది. చలికి లోటు లేదు. పగటిని సాగదీయడానికి పందిరి నిండా కరెంటు దీపాలు పెట్టారు. “రోజూ ఈ దీపాలేటి, తీగకి పెళ్ళేటి?” అని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుకున్నారు. మొదటి గాలివానకి కరెంటు పోయింది. వారం తిరక్కుండా తోటంతా మోకాలెత్తున పూసి కూర్చుంది. పెళ్ళి అక్కడితో సరి.

అప్పుడు వచ్చింది పుణ్యవతి. ఆ ఊరి పిల్లే. ఆశ్రమ పాఠశాలలో చదివి, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకుని, తిరిగి అదే కొండెక్కింది. ఆమె మాట విని వర్మ గారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు.

“హాప్స్‌కి గంజాయి దాయాది సార్. వంశం ఒకటే, కొంపలే వేరు. మా కొండల్లోని గంజాయికి ఇక్కడి పగళ్ళ సంగతి తెలుసు. వానాకాలమంతా పెరిగి, కార్తీకం చలి ముదిరితే తప్ప పూయదు. మొక్క ఒంట్లోని ఆ గడియారాన్ని మాత్రం తీసి హాప్స్‌లో పెడతాను.”

ప్రభుత్వం అనుమతికే ఏళ్ళు పట్టింది. ఆ తరువాత వేల మొలకలు. మత్తు వాసన తగిలిన ప్రతి మొలకనీ పీకి పారేసింది. మిగిలినవాటిలో ఒక్కటంటే ఒక్కటి వానలు వెనకబట్టేదాకా ఓపిక పట్టి, పందిరి దాటి పెరిగి, చలి ముదిరాక గుత్తులు గుత్తులుగా విరగబూసింది. అందులో గంజాయి మత్తు ఆనవాలైనా లేదని పరీక్షలన్నీ తేల్చాయి. దాని వేరు ముక్కలే నాటి తోటంతా నింపింది. రెండు దాయాది రక్తాలు కలిసినప్పుడు, రెండింటిలోనూ లేని మూడోదేదో పుట్టవచ్చు. దాన్ని పట్టుకునే పరీక్ష ఎవరి దగ్గరా లేదు.

గంజాయి మీద పుణ్యవతికి సొంత పగ ఒకటి ఉంది. ఆమె తమ్ముడు సింహాచలం ఘాట్ రోడ్డు మీద జీపు నడిపేవాడు. గొంతెత్తి పాడితే ధింసా ఆడే ఆడవాళ్ళ కాళ్ళు వాటంతటవే కదిలేవి. ఒకసారి టమాటా బుట్టల కింద ఏముందో తెలిసీ తెలియనట్టు నటించి లోడు ఎత్తాడు. మైదానం దిగకముందే పట్టుబడ్డాడు. జైలు నుంచి తిరిగొచ్చినవాడు పాట మరిచిపోయాడు, తాగుడు నేర్చుకున్నాడు. పది మందితో కూర్చుని ఆకుడొప్పలో జీలుగు కల్లు తాగడం వాళ్ళ కొండల్లో తప్పేం కాదు. వీడు సీసా కొని ఒంటరిగా తాగేవాడు. మా ఇంటిని తిన్న మొక్క చేతనే మేలు కక్కిస్తానని పుణ్యవతి పంతం పట్టింది. పట్టిందంటే విడిచే రకం కాదు.

*

రుచిచూసే గదిలో మిగిలిపోయిన సీసాలు పెట్టెలో పెట్టుకుని ఆమె కొండెక్కింది. పొద్దు వాలకముందే తమ్ముడికి ఒక విడత అయిపోయిందని కళ్ళే చెబుతున్నాయి.

“ఒరే, మా కంపెనీ బీరు. తాగి ఎలాగుందో సెప్పు.”

“నువ్వేనా అప్పా ఇచ్చీది? సూరీడు పడమట పొడిసినాడేటి?” అంటూ సీసా లాక్కున్నాడు.

అతని భార్య చిలకమ్మ గుమ్మంలోంచి ఆడబిడ్డని చూసిన చూపులో తిట్లన్నీ ఉన్నాయి. “బాగుంది వొదినా. మండీదాన్లో కిర్సనాయిలు పోసినావు” అంది.

సింహాచలం అరగ్లాసు తాగాడు. ఏదో మరిచిపోయినవాడిలా గ్లాసు వైపు చూశాడు. పక్కన పెట్టాడు.

“సాలప్పా” అని లోపలికెళ్ళి అన్నం పెట్టించుకున్నాడు.

రోజూ అరగ్లాసు. అంతకంటే చుక్క కూడా ఎక్కువ అడగలేదు. కొన్నాళ్ళకి చిలకమ్మ పరిగెత్తుకుంటూ తోటకొచ్చి ఆడబిడ్డ చేతులు పట్టేసుకుంది.

“వొదినా, మీ తమ్ముడు మందుకొట్టు ముందు నుంచి జీపు ఆపకుండా ఒచ్చీసినాడు. నా కళ్ళారా సూసినాను. ఆపనేదు వొదినా!”

ఆమె ఏడుస్తుంటే పుణ్యవతీ ఏడ్చింది. ఇన్నేళ్ళలో అంత సంతోషం ఆమె ఎరగదు.

వర్మ గారి లెక్క వేరే. “అమ్మా పుణ్యవతీ, మనం మందు అమ్మేవాళ్ళం, మాన్పించేవాళ్ళం కాదు. ఆ తీగని కాల్చి పారేయించండి.”

“ఒక్క పంట టైమివ్వండి సార్. ఆ గుణం ఎక్కడుందో పట్టుకుంటాను.”

“పట్టుకుని తీసేస్తారు కదా?”

“పట్టుకుంటాను సార్” అంది మళ్ళీ. ఆయన తనకి కావలసింది విన్నారు. ఆమె తను అనాల్సిందే అంది.

*

ఆ ఏడు వానలకి తీగలు తాళ్ళు పట్టుకుని పందిరి మీదికి ఎగబాకాయి, చలి ముదిరాక విరగబూశాయి. కంపెనీ కాగితాల్లో దానికి ఒక అంకె పేరు. ఊళ్ళో మాత్రం సింహాచలం పెట్టిన పేరే నిలిచింది, చాలు తీగ. తమ్ముడు కళ్ళముందే ఉంటాడని పుణ్యవతి అతన్ని పువ్వు ఆరబెట్టే షెడ్డులో పనికి పెట్టింది. వేడిగాలి తోలే ఆ షెడ్డులో పసుప్పచ్చని పొడి ఎగిరి, మనుషుల కనుబొమ్మల మీద కూడా పేరుకునేది. తానేమో రోజంతా గుత్తులు అరచేతుల్లో నలిపి వాసన చూసేది. హాప్స్ పెంచేవాళ్ళు వాసన చూసే పద్ధతే అది.

వాళ్ళ ఊళ్ళో ఏ పంటనైనా వాడుకోబోయే ముందు కొత్త పండుగ చెయ్యాలి. చిక్కుడు కొత్త, సామ కొత్త, ఏదైనా సరే. కొండదేవతకి పెట్టి, ఇంటిల్లిపాదీ ముట్టి, తొలి గుత్తిని పొయ్యి పైన వాసానికి కడతారు. మళ్ళీ ఏడాది కొత్తదాకా అది అక్కడే ఉండాలి. పుణ్యవతి తల్లి కొండమ్మకి ఈ తీగ తినేదా తాగేదా అన్న పేచీ లేదు. కూతురు పండించిన పంట, అంతే. బొట్టు పెట్టి, దండం పెట్టి, పెద్ద గుత్తి ఒకటి తన చేత్తో పొయ్యి పైన కట్టింది. పుణ్యవతి చూసి మురిసిపోయింది. ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వని గౌరవం తల్లి ఇచ్చిందనుకుంది.

ఆ పండుగ నాడే డప్పులు మోగితే సింహాచలం లేవలేదు.

“పాడవేట్రా? తాగుడు ఎలాగూ మానేసినావు గదా!” అంది పుణ్యవతి.

“పాడాలని నేదప్పా. సాలు.”

అలసిపోయాడేమో అనుకుంది. కొన్నాళ్ళకి కొండమ్మ రెండు ముద్దలు తిని కంచం తోసేస్తే, పెద్దతనం కదా అనుకుంది. చిలకమ్మ రోజంతా బయట పందిరి కింద, గాలిలో పువ్వు కోసి వచ్చేది. ఆమెకి మాత్రం ఏదో తేడాగా ఉందని తోచింది.

“వొదినా, తాగినపుడు తిట్టీవోడు. అప్పుడు నానూ తిట్టీదాన్ని. ఇప్పుడు తిట్టడు, నవ్వడు, కూరలో ఉప్పు నేకపోయినా ఊసెత్తడు. మొగుడున్నట్టు నేదు, మొగుడి సొక్కా దండెం మీద ఆరేసినట్టుంది.”

“జబ్బు నయమయ్యాక కొన్నాళ్ళు నీరసం ఉంటుందిలేవే” అంది పుణ్యవతి. నిజానికి ఆ మాట విని ఆమె అదిరిపడాలి. ఆమె మనసు చెరువులా నిశ్చలంగా ఉంది. పంతం నెగ్గినందుకు వచ్చిన శాంతి కాబోలనుకుంది.

ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తుంటే సందు మొదట్లోనే మేనకోడలి కేక వినబడింది. జమున, అప్పుడప్పుడే బడికి పోతున్న పిల్ల. గొంతు చిరిగేలా ఏడుస్తోంది. ఆ ఏడుపు విని కూడా పుణ్యవతి కాళ్ళు కొన్ని అడుగులు మామూలుగానే వేశాయి. వెళ్దాంలే అన్నట్టు. ఆ తరువాత పరిగెత్తింది. ఆ కొన్ని అడుగుల్ని ఆమె ఎప్పటికీ క్షమించుకోలేదు.

పొయ్యి దగ్గర అంబలి కుండ బోర్లాపడి ఉంది. పిల్ల చేయి మోచేతి దాకా కాలింది. మూడు మూరల దూరంలో గోడకి చేరగిలబడి సింహాచలం, ఆ పక్కనే కొండమ్మ. ఇద్దరూ పిల్లనే చూస్తున్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ పిల్ల ఆకలేస్తోందని అడిగింది. ఒకసారి కాదు, చాలాసార్లు అడిగింది. పెట్టేవాళ్ళకే లేవాలనిపించలేదు. చివరికి తనే కుండ దించుకోబోయింది.

“ఒరే! పిల్ల కాలిపోతే కళ్ళప్పగించి చూస్తన్నావేట్రా?” అని అరిచింది పుణ్యవతి, పిల్ల చేతి మీద కడవెడు చల్లనీళ్ళు పోస్తూ.

“సూసినానప్పా” అన్నాడు సింహాచలం. గొంతులో భయం లేదు, సిగ్గు లేదు, ఏమీ లేదు. “లేవాలనిపించనేదు.”

పిల్లని ఎత్తుకుని, జీపు తనే నడుపుకుంటూ ఆసుపత్రికి పోయింది. చేయి దక్కుతుంది గానీ మచ్చ పోదన్నారు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి ఆ ఇంటిని మొదటిసారి చూసినట్టు చూసింది. పొయ్యి పైన వాసానికి గుత్తి వేలాడుతోంది. కింది నుంచి సెగ తగిలినప్పుడల్లా సన్నని పసుప్పచ్చని పొడి ఇంట్లోకి రాలుతోంది. అరగ్లాసు బీరులో ఉన్నది చిటికెడు. ఇక్కడ ఇంట్లో ఉండేవాళ్ళు రేయింబవళ్ళూ పీలుస్తున్నారు, పగలంతా పందిరి కిందో బడిలోనో ఉండేవాళ్ళకే కాస్త తక్కువ. వాడికైతే షెడ్డులో పగలంతా, ఇంట్లో రాత్రంతా. తాగుడు ఒక్కటే వద్దనిపించడం దానికి చేతకాదు. కోరిక అన్నది ఎక్కడుంటే అక్కడ ‘చాలు’ అంటుంది.

“కొత్త గుత్తి ఏడాది తిరక్కుండా దింపకూడదమ్మా” అంది కొండమ్మ, అదీ ఏ పట్టింపూ లేని గొంతుతో.

“పాపముంటే నాదేనమ్మా” అని పుణ్యవతి స్టూలెక్కి గుత్తి దింపి, దూరంగా గొయ్యి తీసి పాతిపెట్టింది. షెడ్డుకి తాళం వేసింది. జరిగినదంతా, తన అడుగులతో సహా, ఒక్క ముక్క దాచకుండా కంపెనీకి రాసి పంపింది. నిజం రాస్తే చాలు, ఎవరైనా భయపడతారని ఆమె నమ్మకం. మనుషుల్ని ఇంకా పూర్తిగా చదవలేదు పాపం.

*

పోయినవి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ముందు కొండమ్మ ఒక ఉదయం “ఎండుసేపల కూర ఒండరే” అంది. తరువాత సింహాచలం కట్టెలు కొడుతూ ఏదో కూనిరాగం తీశాడు. చిలకమ్మ చేటతో సహా వాకిట్లోకొచ్చి కదలకుండా నిలబడిపోయింది, ఆ రాగం ఎక్కడ ఆగిపోతుందోనని. ఆ సాయంత్రమే అతను కూతురి కట్టు మారుస్తూ, కాలిన చేయి చూసి బావురుమన్నాడు. “అయ్యా, ఇప్పుడు నొప్పి నేదు” అని ఆ పిల్లే ఓదార్చాల్సొచ్చింది.

ఇంకొన్నాళ్ళకి, చేతులు రెండూ చంకల్లో దాచుకుని అక్క ముందుకొచ్చి నిలబడ్డాడు.

“అప్పా, ఆకలొచ్చింది. పాటొచ్చింది. ఏడుపూ ఒచ్చింది. ఇప్పుడు అది కూడా ఒచ్చీసింది. కొట్టుకాడ జీపు ఆపినాను. దిగనేదు. రేపు దిగుతాను గావాల. ఆ అరగ్లాసు మళ్ళీ ఇత్తావా?”

ఇస్తే ఏమవుతుందో పుణ్యవతి చూసింది. ఇవ్వకపోతే ఏమవుతుందో అంతకు ముందే చూసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“ఈ పూటకి నా దగ్గరే కూర్చో” అంది. కూర్చున్నాడు. ఆ పూట ఎలాగో గడిచింది. మర్నాడు పొద్దున్నే ఆమె ఒక తీగ వేరు ముక్క తెచ్చి, పెరట్లో కుండీలో నాటి, గోనెపట్టా కప్పింది. ఒక్క తమ్ముడి కోసం, కొలిచి కొలిచి, తన చేత్తోనే ఇస్తే తప్పేముందని మనసుకి సర్దిచెప్పుకుంది.

వర్మ గారు స్వయంగా కొండెక్కి వచ్చారు. ముఖం పెళ్ళివారింటిలా ఉంది.

“మీ రిపోర్టు బ్రహ్మాండం డాక్టర్. బీరుకి పనికిరాకపోతే పోనీండి! హాస్టళ్ళు నడిపే పెద్ద సంస్థ ఒకటి ఎగిరి గంతేసింది. అగరొత్తుల్లా చేసి గదుల్లో వెలిగిస్తారట. పిల్లలు అల్లరి చెయ్యరు, ఇల్లు కావాలని ఏడవరు, రెండోసారి అన్నం అడగరు. ఎవరికీ నొప్పి లేదు.”

“నొప్పి ఉంది సార్. ఉన్నవాళ్ళకి తెలియదు, అంతే.”

“మీరు మరీ ఎక్కువ ఆలోచిస్తారు. వచ్చే వారం మనుషులొచ్చి వేళ్ళు తవ్వి పట్టుకెళ్తారు. కింద పెద్ద నర్సరీ వేస్తున్నాం. మీకు పై పోస్టు.”

“నేను ఒప్పుకోకపోతే?”

“మొక్క కంపెనీదమ్మా” అన్నారాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు.

ఆయన కారు మలుపు తిరిగాక పుణ్యవతి పందిరి కింద కూలబడింది. ఆశ్రమ పాఠశాల హాస్టలు కళ్ళముందుకొచ్చింది. పొడుగాటి వరస, చేతిలో సత్తు కంచం. వంటమనిషి “ఇంక నేదు పో” అని గరిటెతో బెదిరించేది. మిగతా పిల్లలు వెనక్కి తిరిగినా ఈమె మాత్రం కంచం పట్టుకుని అక్కడే నిలబడేది. అలా రెండోసారి చాచిన చేయే తరువాత పుస్తకానికీ చాచింది, పట్నానికీ చాచింది. ఆ గదిలో ఈ వాసన ఉండి ఉంటే ఆమె మొదటి గరిటెతోనే తృప్తిగా తిని, తృప్తిగా పడుకుని, ఎక్కడున్నది అక్కడే ఉండిపోయేది. తనకేం పోయిందో కూడా తెలిసేది కాదు.

కంపెనీలో ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఎవరినీ బతిమాలలేదు. లేచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, పువ్వు కోసే ఆడవాళ్ళ దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. హాస్టలు అన్న మాట వినగానే వాళ్ళ ముఖాలు మారిపోయాయి. ఆ ఊళ్ళో కాస్త ఎదిగిన పిల్లలందరూ హాస్టళ్ళలోనే ఉన్నారు.

“ఇంత సదువు సదివి పెంచినావు. నువ్వే పీకీమంటన్నావేటి?” అని ఒక ముసలామె అడిగింది.

“పెంచినదాన్ని గనకే, దీని ఏరు ఎంత లోతుందో నాకే తెలుసు పిన్నీ. పైన కోస్తే సాలదు. తవ్వాల.”

పట్టపగలు, కాపలావాడు చూస్తుండగానే గునపాలు దిగాయి. ఆ కాపలావాడి కూతురు కూడా హాస్టలు పిల్లే. అతను గేటు వేసి, ఇవతలికొచ్చి పార అందుకున్నాడు. సింహాచలం గునపం ఎత్తి మొదటి పోటు వేశాడు. అన్నిటికంటే ఎక్కువ మొదళ్ళు తవ్వినవాడు అతనే. పైకి తీసిన వేళ్ళన్నీ కుప్పపోసి, అందరూ పొగ తగలకుండా గాలి వచ్చే వైపు నిలబడి తగలబెట్టారు. గాజు సీసాల్లో పెంచుతున్న బుల్లి మొక్కల్ని పుణ్యవతి పరిశోధనశాలలోని ప్రెషర్ కుక్కర్లో పెట్టి తనే పొయ్యి వెలిగించింది. విజిల్ వచ్చిన ప్రతిసారీ ఆమె కళ్ళు మూసుకుంది. ఏడుస్తూనే ఒక్కో కూతా లెక్కపెట్టింది. పని మాత్రం ఆపలేదు.

వేల మొలకల్లో ఒక్కదానికి కుదిరిన కలయిక అది. మళ్ళీ కావాలంటే కంపెనీ మళ్ళీ అన్ని వేలూ నాటుకోవాలి, అన్నేళ్ళూ కాచుకోవాలి. ఆలోగా తాను ఊరుకోబోదు. ఏం జరిగిందో ఊరూరా, హాస్టలు హాస్టలుకీ వెళ్ళి చెబుతుంది. జమునని పక్కన నిలబెట్టుకుని, ఆ చేయి చూపించి మరీ చెబుతుంది.

పొద్దు వాలుతుండగా ఇంటికొచ్చి, అరుగు మీద వాలింది. పెరటి వైపు నుంచి సింహాచలం వచ్చాడు. చేతుల్లో కుండీ. గోనెపట్టా తీసేసి ఉంది. లేత చిగురు రెండాకులు విప్పింది.

“ఇదొకటి మర్సిపోనావప్పా.”

“మర్సిపోనేదురా.” ఆమె అరుగు మీంచి లేచింది. “అది నీకోసం. కొలిచి ఇస్తాను. నీ ఒక్కడికే.”

అతను ఆ చిగురు వైపు చాలాసేపు చూశాడు. కావాలని ఉందని ముఖమే చెబుతోంది. దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

“నాకోసమే గదేటి. మరైతే నానే తీయాల” అన్నాడు. మొదలు పట్టుకుని మట్టితో సహా పెళ్ళగించి, వంటింట్లోకెళ్ళి పొయ్యిలో పెట్టాడు. చిలకమ్మ వెంటనే తలుపులు బార్లా తెరిచింది. తడి వేరు చిటపటలాడుతూ కాలినంతసేపూ అందరూ వాకిట్లోనే నిలబడ్డారు.

“అప్పా, రోజూ సందేళకి నాతో జీపులో రా. ఆ కొట్టు మలుపు దాటీదాకా పక్కన కూకో. పడిపోతే లేపు. మళ్ళీ పడిపోతే మళ్ళీ లేపు.”

“లేపుతాను. నాకు మాత్రం ఇంకేం పనుందిరా, ఉద్యోగం ఊడింది గదా!” అంది పుణ్యవతి. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో కాస్త ఏడుపు కూడా ఉంది.

అన్నాలకి కూర్చున్నారు. ఎండుచేపల కూర. వడ్డన పుణ్యవతిదే. రేపు పోలీసులొస్తారు, కంపెనీ వకీళ్ళొస్తారు. దేనికీ తడబడేది లేదని ఆమె అప్పుడే తీర్మానించుకుంది. నేనే తవ్వించానని చెబుతుంది. ఆ పని తీరాక తన గరువు పొలంలో ఒక మడి దున్నిస్తుంది. గడియారం ఉండి, ఈ గుణం లేని తీగ కోసం మళ్ళీ మొదటి గింజ నుంచి మొదలెడుతుంది. అది బీరుకి కాకపోతే ఇంకేదానికైనా పనికొస్తుంది.

సింహాచలం కంచం ఖాళీ చేసి ముందుకు తోశాడు. నుదుటి మీద చెమట.

“ఇంకొంచెం ఎయ్యి అప్పా.”

“నాక్కూడా!” అంది జమున, కట్టు కట్టిన చేత్తోనే కంచం ఎత్తిపట్టి.

వడ్డించేవాళ్ళకి అలవాటుగా నోటికొచ్చే ప్రశ్న ఒకటుంది, ‘చాలా?’ అని. పుణ్యవతి నోటిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. కుండ దగ్గరికి లాక్కుని, వాళ్ళు అడిగినంతా వడ్డించింది.